ఖాళీ వదిలిన గళ్ళు

రాజమండ్రి,
28 జూన్ 2001

దేవకుమారి టీచర్ గారికి,

ఏ కౌముది అని ఆలోచించకండి. తొంభై రెండులో మొగల్తూరు మిషన్ స్కూల్లో టెన్త్ చదివిన కౌముదిని. మేడ మీద మీ లైట్ ట్రాప్ దగ్గర, రాత్రి దీపానికి వచ్చి డబ్బాలో పడ్డ పురుగుల్ని పొద్దున్నే లెక్కపెట్టిన ముగ్గురు ఆడపిల్లల్లో, మధ్యలో కబుర్లు చెప్పి మీ చేత మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టించిన పిల్లని.

విశాఖపట్నంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా తిరిగి, ఒక్కచోట కుదురుగా ఉండవేమే అని మా అమ్మ చేత రోజూ అనిపించుకుని, చివరికి ఇక్కడ సస్యబంధు అనే విత్తనాల కంపెనీలో చేరాను. రైతులకి ముందస్తు సలహా చీటీలు ఇస్తే విత్తనాలు మన దగ్గరే కొంటారని మా ఎండీ మణిశంకర్ గారి ఆలోచన. దానికోసం బెంగళూరు నుంచి ఒక సీడీ తెప్పించారు. పేరు ఈజీకాస్ట్. లోపల న్యూరల్ నెట్‌వర్క్ ఉందట. 'ఉందట' అనడం ఎందుకంటే అది తలుపు తీసి చూపించదు. పాత లెక్కలు పోస్తే వాటిలోంచి తనే నేర్చుకుని వచ్చే వారం ఏమవుతుందో చెబుతుంది. మనం చేయాల్సిందల్లా నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మా టైపిస్టు బేబి గారు నిన్న సరదాకి నొక్కి వచ్చే ఏడాది మామిడికాయల ధర చెప్పించుకున్నారు.

పోయడానికి లెక్కలు కావాలి. వరి దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చేసి, చేనుని గుండ్రంగా సుడులు సుడులుగా ఎండబెట్టే ఆ సుడిదోమని ఈ చుట్టుపక్కల పదకొండేళ్ళుగా రోజూ లెక్కపెట్టింది మీరొక్కరే. ఆ నోటుపుస్తకాలు ఒక నెల నా దగ్గర ఉంచుకోనిస్తారా? మీ శ్రమంతా పుస్తకాల్లోనే ఉండిపోకూడదని నా ఆశ.

మీ
కౌముది


మొగల్తూరు,
9 జూలై 2001

కౌముదీ,

నిన్ను మర్చిపోవడం కష్టం. నీ కబుర్లున్న రోజుల లెక్కలు ఇప్పటికీ నాకు అనుమానమే.

పుస్తకాలు పదకొండూ మా నాన్నగారు స్వయంగా బస్సులో తెస్తున్నారు. పోస్టులో పంపుదామంటే ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ళు పోస్టుమాన్‌గా చేసి పోస్టుని నమ్మకపోవడమేంటి నాన్నగారూ అంటే, 'చేశాను కాబట్టేనమ్మా' అన్నారు. సాయంత్రం దీపం వెలిగించేదీ, పొద్దున డబ్బా దించేదీ ఇప్పటికీ ఆయనే, మీ సామ్యేలు తాతగారే. నేను లెక్కపెట్టడం వరకే.

నువ్వు మేడెక్కే రోజులకి నా సూత్రం ఇంకా పుట్టలేదు. ఇప్పుడు ఒక పేజీ ఉంది. గత వారం దీపానికి పడ్డ దోమలు, గాలిలో తేమ, నాట్లు వేసిన తేదీ, చేలో దుబ్బుని చేత్తో చరిస్తే నీళ్ళ మీద రాలే దోమలు. ఈ నాలుగూ కలిపి ప్రమాదం ఎంతో కడతాను. పురుగుల శాస్త్రంలో నేర్చుకున్నది సగం, తప్పులు చేసి నేర్చుకున్నది సగం. పదిసార్లు చెబితే ఏడుసార్లు నిలబడుతుంది. నిలబడని మూడుసార్లూ ఎందుకు తప్పానో ఎర్రసిరాతో రాసుకున్నాను. ప్రతి సోమవారం సొసైటీ ఆఫీసు ముందున్న నల్లబల్ల మీద రైతుల కోసం రెండు ముక్కలు రాస్తాను. నా కంప్యూటర్ ఆ బల్లే.

పుస్తకాల్లో ఖాళీ గళ్ళ సంగతీ, వలయం చుట్టిన అంకెల సంగతీ నీకు తెలుసు కనక మళ్ళీ రాయను. చీటీలు రైతుల చేతికి వెళ్ళేముందు ప్రింటు నాకొకసారి పంపు.

దేవకుమారి


రాజమండ్రి,
14 ఆగస్టు 2001

టీచర్ గారికి,

పుస్తకాలు టైపు చేయడానికి బేబి గారికీ నాకూ ఇరవై రెండు రోజులు పట్టింది. నేర్చుకోవడానికి ఈజీకాస్ట్‌కి పట్టింది నలభై నిమిషాలు. తెర మీద ఒక పచ్చగీత పాక్కుంటూ చివరిదాకా వెళ్ళి '94 శాతం' అని చూపించింది. మణిశంకర్ గారు ఆనందం పట్టలేక లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. కింద చక్రాలున్న ఆయన ఆఫీసు కుర్చీ వెనక్కి దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది. మీ సూత్రాన్ని కూడా అదే లెక్కల మీద నడిపి చూశాం. 71 వచ్చింది. మీరు చెప్పింది ఏడే కదా, కాబట్టి మీ మాట నిజమే.

ప్రింటు జతచేశాను. ముప్ఫై పేజీలు, వెనకవైపు లెక్కలన్నీ. వలయాలు మాత్రం వదిలేయాల్సి వచ్చింది. ఈజీకాస్ట్‌కి అంకె ఒక్కటే అర్థమవుతుంది, అంకె చుట్టూ గీసింది అర్థం కాదు. ఖాళీల సంగతి కూడా ఎలాగో సర్దాం.

పదకొండున నరసాపురం సదస్సులో మిమ్మల్ని చూశాను. తెర మీద చూపించిన ఆ బొమ్మలో రెండు స్తంభాలు, 71కి పొట్టిది, 94కి పొడుగుది, నేను వేయించినవి కావు. మీ పేరు వేయొద్దని చెప్పాను. 'చేతిలెక్క' అని వేశారు. అది ఎవరి చెయ్యో అక్కడున్న అందరికీ తెలుసు. మీరు రెండో వరసలో కూర్చుని బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని ఆ స్తంభాల వంక చూశారు. అప్పుడు నేను మైకు వైరు సరిచేస్తున్నట్టు వంగాను. వైరు బాగానే ఉంది.

మీకు కోపం రాలేదు కదా?

కౌముది


మొగల్తూరు,
27 ఆగస్టు 2001

కౌముది గారికి,

ప్రింటు అందింది. మొత్తం చదివాను. అచ్చు బాగుంది.

ఒక్క మాట. పంటకాలంలో వంద రోజులుంటే సుడిదోమ ప్రమాదం ఉండేది ఆరు రోజులు. 'ప్రమాదం లేదు' అని పలక మీద రాసి, గోడకి మేకు కొట్టి తగిలించి, మనం ఇంటికెళ్ళి పడుకున్నా ఆ పలక వందకి తొంభై నాలుగుసార్లు నిజమే చెబుతుంది. రైతుకి కావలసింది ఆ ఆరు రోజులు. మీ యంత్రం ఆ ఆరింటిలో ఎన్నిటిని పట్టుకుందో ముప్ఫై పేజీల్లో ఎక్కడా లేదు. కనుక్కోండి.

మిగతావి మీకు తెలిసినవే. నేను చెప్పేదేమీ లేదు.

పుస్తకాలు ఎప్పుడు తిరిగొస్తాయని నాన్నగారు అడుగుతున్నారు.

దేవకుమారి


రాజమండ్రి,
8 అక్టోబరు 2001

టీచర్ గారికి,

మీరు నన్ను 'గారు' అన్న ఉత్తరం ఆరువారాలుగా నా హ్యాండ్‌బ్యాగులో తిరుగుతోంది. చిల్లర తీయబోతే అదే చేతికి తగులుతుంది.

ఆ ఆరు రోజుల సంగతి మణిశంకర్ గారిని అడిగాను. 'మా అబ్బాయికి తొంభై నాలుగు వస్తే ఆ పోయిన ఆరూ ఏవని నేను అడగనమ్మా' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ నెల మూడున చీటీలతో మీ ఊరు వచ్చాం. అవతల ఇంకా నాలుగు ఊళ్ళున్నాయని డ్రైవరు తొందరపెట్టడంతో మీ ఇంటికి రాలేకపోయాను. సొసైటీ దగ్గర మీ బల్ల చూశాను. 'ట్రాన్స్‌ఫార్మర్ కాలి పదిరోజులుగా దీపం లేదు. లెక్క తెలియదు. ఎవరి దుబ్బులు వాళ్ళు చరిచి చూసుకోండి. దుబ్బుకి పదిహేను దాటితే నాతో చెప్పండి.' దాని పక్కనే మా చీటీ అంటించాం. 'సుడిదోమ ప్రమాదం: 4 శాతం.' పక్కపక్కన చూస్తే మీది భయపెడుతున్నట్టుంది, మాది హాయిగా ఉంది.

మీ ఊళ్ళో మా ఏజెంటు పల్లంరాజు గారు తన డాబా మీద పెట్టిన ట్రాప్ లెక్క రోజూ ఫోన్లో చెబుతున్నారు. పదిరోజులుగా సున్నా. అంటే దోమ లేనట్టే కదా అంటారు మణిశంకర్ గారు.

పుస్తకాలు త్వరలో పంపుతాను.

కౌముది


మొగల్తూరు,
24 అక్టోబరు 2001

కౌముది గారికి,

పెద్దింట్లమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. స్కూలు వెనక మూడెకరాలు కౌలుకి చేసుకునే ఆవిడ. మీరు మేడ మీద లెక్కపెడుతుంటే గట్టు మీంచి 'దోమలకి హాజరేత్తన్నారా' అని అరిచేది.

ఈ సోమవారం స్కూలుకి వచ్చి, క్లాసు మధ్యలో నా చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకెళ్ళింది. కాలవ పక్క మడిలో ఏడు సుడులు. వాటిలో మూడు అప్పటికే కలిసిపోయి ఒకటయ్యాయి. కంకి పాలు పోసుకునే వేళకి చేను తుప్పురంగుకి తిరిగింది. పచ్చగా మిగిలిన దుబ్బుని చరిచాను. లెక్కపెట్టలేదు. కింద నీళ్ళు కనపడలేదు. ఇప్పుడు మందు కొట్టినా మిగతా రెండు మళ్ళకే. ఆ మడి అయిపోయింది.

ఆవిడ నా బల్ల చదివిందట. మూడో తారీకున చూద్దామని వంగి దుబ్బు మీద చెయ్యి వేసిందట. అంతలో జీపు ఆగి, చీటీలు పంచే అమ్మాయి గట్టు మీదకి వచ్చి, కంప్యూటర్ దోమ లేదంటోంది, ఎందుకు ఈ ఎండలో శ్రమ అందట. ఆవిడ చెయ్యి కడుక్కుని గట్టెక్కిందట. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

'పచ్చ చుడీదార్ ఏసుకుందండి. మన మేడ మీద పురుగులేరిన పిల్లలాగే ఉంది. ఆ పిల్లయితే నన్ను పలకరిత్తాది గదండీ, అందుకని కాదేమోలే అనుకున్నాను.'

మూడున వచ్చామని మీరు రాశారు. జీపులో ఎంతమంది ఆడపిల్లలున్నారో రాయలేదు.

దేవకుమారి


రాజమండ్రి,
5 నవంబరు 2001

టీచర్ గారూ,

జీపులో ఆడపిల్లని నేనొక్కదాన్నే.

ఆవిడని దూరం నుంచే పోల్చుకున్నాను. నడుం వంచి ఉన్నా ఆ తలపాగా చుట్టడం ఆవిడదే. నన్ను పోల్చుకుంటుందేమోనని చున్నీ తల మీదకి లాక్కున్నాను. ఎండకనుకుంటుందిలే అని. మీ శిష్యురాలు మీ బల్లకి ఎదురు చెప్పడం ఆవిడ కళ్ళలో కనపడకూడదని. ఆవిడ చెయ్యి దుబ్బు మీదే ఉంది టీచర్ గారూ. ఒక్క చరుపు. నేను రెండు నిమిషాలు ఆలస్యంగా జీపు దిగి ఉంటే దోమలు తమంతట తామే చెప్పేవి.

ఇంకోటి ఉంది. ఆగస్టు మూడున లెక్కలు పోయడం పూర్తయ్యాక ఈజీకాస్ట్ ఒక చిన్న పెట్టె చూపించింది. ఖాళీ గళ్ళున్నాయి, సున్నాతో నింపమంటారా అని. బేబి గారు నా వంక చూసి, 'ఖాళీ అంటే ఏంటండి, ఆ రోజు పురుగుల్లేవనా?' అని అడిగారు. నేను అవునండి అన్నాను. ఆవిడ నొక్కారు. రెండువందల పదమూడు గళ్ళు, కన్ను మూసి తెరిచేలోగా.

నాకు తెలుసు. తొంభై ఒకటిలో ఒక పొద్దున మీకంటే ముందు మేడెక్కి, డబ్బాలో ఒక్క పురుగూ లేదని గర్వంగా పుస్తకంలో సున్నా వేశాను. సామ్యేలు తాతగారు రబ్బరు తెచ్చి చెరిపారు. 'రాత్రి కరెంటు లేదమ్మా, దీపం వెలగలేదు. చూడకపోవడం వేరు, లేకపోవడం వేరు' అన్నారు. పౌర్ణమి దగ్గర వెన్నెలకి దోమ దీపం వైపు రాదని, ఆ అంకెలకి వలయం చుట్టడం మీరే నేర్పారు. అన్నీ తెలిసి అవునండి అన్నాను. కాదంటే ఆ గళ్ళు తీసేయాలి, తీసేస్తే పచ్చగీత ఎంత చూపిస్తుందో తెలియదు, మణిశంకర్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. దీపం లేని వారాల తర్వాత సుడులు పడ్డ ఏళ్ళు మీ పుస్తకాల్లో ఉన్నాయి. అవి చదివి ఆ యంత్రం, అంకె ఎంతున్నా ఒకటే, ఎప్పుడూ ప్రమాదం లేదంటే చాలని నేర్చుకుంది. పాపం దానిదేముంది, నేర్పింది నేను. మొన్న పల్లంరాజు గారు దీపం లేని పదిరోజులూ సున్నా అంటే, అది నాలుగు శాతం అంది.

ఇప్పుడు మణిశంకర్ గారు రిపోర్టు రాయిస్తున్నారు. 'మొగల్తూరు పాత లెక్కల్లోని లోపాల వల్ల' అంచనా తప్పిందని. పదిహేడున మీ సొసైటీలో రైతుల ముందు చదువుతారు. కింద స్టాటిస్టీషియన్ సంతకం ఉండాలి. చేస్తే జనవరి నుంచి హైదరాబాదు ఆఫీసులో ఉద్యోగం అన్నారు. ఆ సంగతి మీకు రాయక్కర్లేదు. కానీ ఈసారి ఏ గడీ ఖాళీగా వదిలి, మీరే ఏదో ఒకటి వేసుకోండి అనకూడదని రాస్తున్నాను.

కాగితం నా బల్ల మీద ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా ఇంకా చెప్పలేదు.

కౌముది


మొగల్తూరు,
11 నవంబరు 2001

కౌముదీ,

నీకు రాసే ఉత్తరాలూ, నీ నుంచి వచ్చే ఉత్తరాలూ నాన్నగారికి చదివి వినిపించడం అలవాటు. ఇది వినిపించలేదు. నీ కోసం కాదు, నా కోసం.

నీ ప్రింటు ఆగస్టు పద్ధెనిమిదిన అందింది. వెనకవైపు లెక్కలు తిప్పుతూ తొంభై ఆరు నవంబరు దగ్గర ఆగాను. తుఫాను వచ్చిన నెల. ఇరవై రోజులు మా ఊళ్ళో ఒక్క కరెంటు స్తంభం నిలబడి లేదు. నీ ప్రింటులో ఆ ఇరవై రోజులకీ ఇరవై సున్నాలున్నాయి. అప్పుడే అర్థమైంది నువ్వేం చేశావో.

ఎర్రపెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

నరసాపురంలో ఆ పొట్టి స్తంభం నా కళ్ళముందుంది. ఆ పొడుగుది పడనీ, అనుకున్నాను. ఒక్కసారి అందరిముందూ పడితే తెలుస్తుంది అనుకున్నాను. పడేది మీ కంపెనీ మీద పడుతుందనుకున్నాను కానీ దాని కింద ఎవరి చేను ఉందో చూడలేదు. తొంభై నాలుగు మీద నీకు ఒక పేరా రాశాను చూడు, అది నా తెలివి చూపించుకోవడానికి. సున్నాల మీద ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాయకుండా 'నేను చెప్పేదేమీ లేదు' అని రాశాను. నేను రాసిన అబద్ధాల్లో అంత చిన్నది, అంత పెద్దది ఇంకోటి లేదు.

జూలైలో 'నీకు తెలుసు కనక రాయను' అన్నదీ నేనే. పదకొండు పుస్తకాల్లో ఖాళీ అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. నాకు తెలుసు, నాన్నగారికి తెలుసు, చాలనుకున్నాను. నేను లేకపోతే ఆ పుస్తకాలు ఎవరూ చదవలేరన్న ఆలోచన నాకు బాధగా ఉండేది కాదు. బాగుండేది.

ఆదివారం చర్చిలో ఒప్పుకోలు అందరితో కలిసి చదువుతాను. అందరితో కలిసి చదివితే ఎవరి గొంతూ వినపడదు.

సంతకం చేయమనీ, మానమనీ చెప్పే అర్హత నాకు లేదు. నువ్వు ఏం చేసినా పదిహేడున నా మాట నేను చెబుతాను.

దేవకుమారి


కడియం,
9 డిసెంబరు 2001

టీచర్ గారికి,

ఊరు పేరు చూసి గ్రహించే ఉంటారు. అమ్మ దగ్గరికి వచ్చేశాను. మా వీధంతా మొక్కల లారీలే. పొద్దున్నే వాటి మధ్య నుంచి నడిచి వెళ్ళి ఈ ఉత్తరం పోస్టు చేయాలి.

ఆ రోజు సొసైటీలో నేను అనుకున్నవి చాలా ఉన్నాయి. నోరు తెరిస్తే మూడే వచ్చాయి. లెక్కల్లో లోపం టీచర్ గారిది కాదండి, ఖాళీ గళ్ళలో సున్నాలు వేయించింది నేను, తెలిసే వేయించాను. మణిశంకర్ గారు రిపోర్టు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకోవడం చూశాను. కూర్చోబోతుంటే మీరు లేచారు. లేవకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. మీరు మాట్లాడుతున్నంతసేపూ సామ్యేలు తాతగారు తన చేతులవంకే చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఆయన్ని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలియదు. తాతగారిని పట్టుకుని మీరు వెళ్ళిపోయాక పెద్దింట్లమ్మ గారు గేటు దగ్గర నన్ను ఆపారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. 'నువ్వేనని అప్పుడే అనుకున్నానమ్మా' అన్నారు. మళ్ళీ అన్నారు.

'నువ్వేమో సున్నాలేత్తావు. ఆవిడేమో సూసి ఊరుకుంటాది. ఇద్దరూ సదూకున్నోళ్ళే. మద్దిలో నా సేనేం జేసిందమ్మా?'

ఆ మాటలో సగం మీది కనక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఎండిన వరి కోయడానికి మనుషులు రావడం లేదని మాటల్లో తెలిసింది. కోతకి రెండు రోజులు వెళ్ళాను. మీకు చెప్పలేదు, మెచ్చుకుంటారేమోనని. మొదటిరోజు గంటలోనే కొడవలి లాక్కుని, 'వేలు తెగితే అది కూడా నా మీదకే వత్తాది, మోపులు కట్టు' అన్నారు. కట్టాను. మిగతా రెండు మళ్ళూ మీరు దగ్గరుండి మందు కొట్టించడం వల్ల నిలబడ్డాయి, ఎప్పుడూ అయ్యేదానిలో సగం పైన. కాలవ పక్క మడిని ఆవిడ విడిగా నూర్పించారు. తూర్పారబడితే గాలికి అంతా పోయింది. చేటలో చూసుకుని, చేట బోర్లించి, చేతులు దులుపుకున్నారు.

మానేసే రోజు బేబి గారు మన ఫైలు ఫ్లాపీలో వేసి ఇచ్చారు. ఇక్కడ మా అన్నయ్య స్నేహితుడి కంప్యూటర్లో తెరిచి, మీ పుస్తకాలు పక్కన పెట్టుకుని, రెండువందల పదమూడు సున్నాలూ ఒక్కొక్కటే చెరిపాను. అన్నీ ఒకేసారి తీసే మీట ఉంది. అది నొక్కబుద్ధి కాలేదు. పౌర్ణమి రోజులకి పక్కన ఇంకో గడి పెట్టాను. ఆ ఫైలుతో బేబి గారు ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఈజీకాస్ట్‌ని మళ్ళీ నడిపారు. ఈసారి పచ్చగీత 88 దగ్గర ఆగిందట. కానీ ఆ ఆరు రోజుల్లో నాలుగింటిని పట్టుకుంది. ఆగస్టులో పట్టుకున్నవి ఎన్నో ఆవిడ ఇప్పుడు చూసి చెప్పారు. ఒక్కటీ లేదు. మీ సూత్రం కూడా నాలుగే పట్టుకుంటుంది, కానీ అవే నాలుగు కాదు. ఒకదానికి దొరకని రోజు రెండోదానికి దొరికింది. ఆగస్టులోనే మనం పక్కపక్కన కూర్చుని చూసి ఉంటే అని రాయబోయి ఆపేశాను. రాసినా ఆ మడి పచ్చబడదు.

పదకొండు పుస్తకాలూ అన్నయ్య చేత పంపుతున్నాను. తాతగారి మాట విని పోస్టు చేయలేదు. వాటితో ఒక కొత్త పుస్తకం ఉంది, పన్నెండోది. మొదటి పేజీలో, పదో తరగతి పిల్లకి కూడా అర్థమయ్యేలా, ఖాళీ అంటే ఏమిటో వలయం అంటే ఏమిటో రాశాను. తప్పులుంటే ఎర్రపెన్నుతో దిద్దండి. ఈసారి మూత పెట్టకండి. రెండో పేజీ మీ సూత్రం కోసం వదిలాను. అది మాత్రం నిజంగా ఖాళీ, మీరే నింపాలి.

మూడో పేజీలో ఈ సార్వా పంట దిగుబడి మడివారీగా వేశాను, చేటలు లెక్కపెట్టి. కాలవ పక్క మడికి ఎదురుగా సున్నా ఉంది. దాన్ని చెరపకండి. అది నూర్పించి, తూర్పారబట్టి, దగ్గర నిలబడి చూసి వేసిన సున్నా.

కౌముది